నడిమి వరుసవాడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ఒక ప్రసంగము చేయవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, నేను తిక్కనను గూర్చియో పోతనను గూర్చియో మాట్లాడుదునని వారు తలచియుందురు. గడచిన వార్షికోత్సవములలో నేను చేసిన పని అదియే కనుక వారి తలంపులో దోషము లేదు. కాని నేడు నేను ఫుట్‌బాలు ఆటను గూర్చి మాట్లాడ సంకల్పించినాను. లెక్కలు వ్రాసికొనువానికి బంతియాటతో పని యేమని మీలో కొందరు నవ్వుకొనుచున్నారు. నవ్వుటకు ముందు నా వలన జరిగిన యొక తప్పును వినుడు. నా పని అంతయు లెక్కలోనిదే. ఆ తప్పు కూడ లెక్కలోనిదే.

గడచిన సంక్రాంతికి మన యువకులు చుట్టుప్రక్కల ఊళ్ళ జట్లను పిలిచి ఫుట్‌బాలు పందెములు నడిపినారు. చిట్టా వ్రాయుట నాకు అలవాటు కదాయని ఆటల పుస్తకము నా చేతికి ఇచ్చిరి. నేను గీతలు గీసి గడులు వేసితిని. ఏ జట్టు, ఏ దినము, ఎవడు గోలు కొట్టెను, ఎన్నవ నిమిషమున కొట్టెను: ఇవి నా గడులు. మన జట్టు మూడు ఆటలలో 7 గోలులు చేసి కప్పు గెలిచినది. బహుమాన సభలో గోలు కొట్టినవారి పేర్లు నేనే చదివితిని. మీరందరు చప్పట్లు కొట్టితిరి.

మఱునాటి సాయంకాలము పఠన మందిరములో నేను పత్రిక చూచుచుండగా ఒక బాలుడు వచ్చి బల్ల యెదుట నిలిచెను. మన జట్టులో నడుమ ఆడు పిల్లవాడు. తండ్రి మదనపల్లె మార్కెట్టుకు టమాటా బండ్లు తోలును. వాడు చాలసేపు ఏమియు అనలేదు. తరువాత, “నేను గూడా మూడు మ్యాచులూ ఆడినాను గదా సార్, నా పేరు ఏంటికి చదవలేదు?” అనెను.

నేను వెంటనే, “నీవు గోలు కొట్టలేదు కదా నాయనా” అంటిని. లెక్క ప్రకారము అది సరియైన సమాధానమే. వాడు తల ఊపి వెడలిపోయెను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పుస్తకము తీసి చూచితిని. పదునొకండుగురి పట్టికలో తప్ప వాని పేరు మరెక్కడను లేదు. ఉండుటకు వీలును లేదు. నేను దానికొక గడి వేయలేదు.

ఆట తెలియనివారి కొఱకు రెండు మాటలు చెప్పెదను. జట్టునకు పదునొకండుగురు. గోలు కాచువాడొకడు. వెనుక నిలిచి అడ్డుకొనువారు కొందరు. ముందు నిలిచి గోలు కొట్టువారు కొందరు. ఈ ఉభయులకు నడుమ నుండువారిని మన పెద్దల కాలములో హాఫ్‌బాక్ అనిరి. ఇప్పుడు మిడ్‌ఫీల్డరు అనుచున్నారు. పాత పద్ధతిలో వెనుక ఇద్దరు, నడుమ ముగ్గురు, ముందు అయిదుగురు. నడిమివాడు ఎదుటి జట్టు మీదికి వచ్చినప్పుడు వెనుకకు పరుగెత్తి బంతిని లాగికొనవలెను. లాగికొనిన వెంటనే తలయెత్తి, ఎవనికి ఇచ్చిన లాభమో చూచి ఇవ్వవలెను. మన చెఱువుల క్రింద నీరుగంటి చేయు పని వంటిదిది. ఏ మడికి ఎంత నీరు, ఎప్పుడు, ఏ గట్టు త్రెంచవలెనో వానికి తెలియును. పంట పండినప్పుడు అందరును మడిని చూచెదరు. నీరుగంటి పార భుజమున వేసికొని తూము దగ్గరనే యుండును.

ఇక మన తెలుగుదేశములో ఈ ఆటకు గల చరిత్రను కొంచెము స్మరింతము. ఇప్పటి పిల్లలకు క్రికెట్టు తప్ప మరియొకటి తెలియదు కాని, ఒకప్పుడు భారతదేశపు ఫుట్‌బాలునకు కలకత్తా ఒక కన్నయితే హైదరాబాదు రెండవ కన్ను. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినది. హైదరాబాదు రాష్ట్ర జట్టు 1956లోను 1957లోను సంతోష్ ట్రోఫీ గెలిచినది. ఆంధ్ర ప్రదేశ్ పేరిట 1965లో మరల వచ్చినది. ఈ వైభవమునకు మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన వృత్తిచే బడిపంతులు. 1950 నుండి 1963లో క్యాన్సరు వ్యాధితో మరణించువరకు పోలీసు జట్టునకు ఆయనయే శిక్షకుడు; భారత జట్టునకును శిక్షకుడుగా నుండెను. 2024లో ఆయన జీవితముపై ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వచ్చినది; అజయ్ దేవగణ్ ఆ పాత్ర ధరించెను. దానిని చూచినవారు మీలో ఉన్నారు.

రహీమ్ పంతులుగారి శిక్షణ పద్ధతులలో రెండు నన్ను ఆకర్షించినవి. ఒకటి: బంతిని కాళ్ళ నడుమ ఆడించుకొనుచు పోరాదు, వచ్చిన బంతిని వెంటనే మరియొకనికి ఇవ్వవలెను అను నియమముతో పోటీలు పెట్టుట. రెండు: బలము లేని కాలితో మాత్రమే ఆడవలెనను పోటీలు. మొదటిదానిని తలచి చూడుడు. బంతి తన కాలి కడనున్నంత కాలము జనుల కన్నులు తన మీదనే యుండును. ఆ సుఖమును విడువుమని ఆయన పిల్లలకు బోధించెను. ఈ బోధ అందరికంటె ముందుగా ఒంటబట్టవలసినది నడిమి వరుసవానికి.

ఆ బడిలో తయారైనవాడు నూర్ మొహమ్మద్. హైదరాబాదు పోలీసు జట్టు హాఫ్‌బాక్. ఈ పేరు విన్నవారు చేతులెత్తుడని నేను అడుగను. నేనును మూడు నెలల క్రిందటి వరకు విన్నవాడను కాను. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు ఇరాన్‌ను 1–0తో గెలిచి మనవారు బంగారు పతకము తెచ్చిరి. ఆ జట్టులో నూర్ ఉండెను. ఆ ఒక్క గోలు కొట్టిన మేవాలాల్ పేరు చరిత్రలో ఉన్నది, ఉండవలసినదే. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలకు పోయిన జట్టులోను నూర్ ఉండెను. అక్కడ మనవారిలో పలువురు చలిదేశములో వట్టి కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేత 10–1తో ఓడిరి. తరువాతనే బూట్లు తొడిగి ఆడవలెనను నిబంధన మన దేశములో వచ్చినది. అంతటి ఓటమి చూచినవాడు మరల ఆ మైదానము ముఖము చూడడని మనము అనుకొందుము. నూర్ నాలుగు సంవత్సరముల తరువాత, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలకు మరల పోయెను.

మెల్‌బోర్న్ కథ మీరందరు వినదగినది. 1956 డిసెంబరు 1వ తేదీన మనవారు ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4–2తో ఓడించిరి. నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోలులు కొట్టెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో అట్లు కొట్టిన మొదటి ఆసియావాడు ఆయనయే. నాలుగవది కిట్టు అనబడు కృష్ణస్వామి కొట్టెను. సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము మనదే. అక్కడ యుగోస్లావియాపై మొదటి గోలు మనమే చేసి, పిమ్మట 4–1తో ఓడితిమి. మూడవ స్థానమునకు జరిగిన ఆటలో బల్గేరియా 3–0తో గెలిచినది. నాలుగవ స్థానము మనది. ఈనాటి వరకు ఒలింపిక్ ఫుట్‌బాలులో మనకు అంతకు మించిన స్థానము లేదు.

ఇప్పుడు నా లెక్కల పుస్తకమునకు రండు. ఆ 4 గోలులకు నాలుగు పద్దులున్నవి. పేర్లున్నవి. కాని ఆ గోలులకు ముందు బంతి ఎవని కాలినుండి బయలుదేరినది? ఆస్ట్రేలియావాడు దూసికొని వచ్చినప్పుడు దానిని అడ్డి తీసికొన్నది యెవడు? నడుమ నూర్ మొహమ్మద్, మోహన్ బగాన్ జట్టునకు కూడ ఆడిన కెంపయ్య మున్నగువారుండిరి. వారు చేసినదానికి పద్దు లేదు. ఆ కాలములో పత్రికా విలేఖరులు కూడ నా వలెనే గీతలు గీసినవారు.

మన పురాణములు ఈ సంగతిని ఎన్నడో కనిపెట్టినవి. విరాటపర్వమున ఉత్తర గోగ్రహణము మీకందరకు తెలిసినదే. ఉత్తరకుమారుడు రథమెక్కెను, బృహన్నల సారథి. కౌరవసేనను చూచి ఉత్తరుడు పరుగిడెను. బృహన్నల పట్టి తెచ్చి, జమ్మిచెట్టుపై నున్న ఆయుధములు తీయించి, తానే గెలిచి, గోవులను మరల్చెను. నగరములో చాటింపు మాత్రము ఉత్తరుడు గెలిచెననియే. విరాటరాజు ఉబ్బి కొడుకును పొగడుచుండగా, బృహన్నల సారథ్యముండగా గెలుపు తప్పునా యని కంకుభట్టు వేషములోనున్న ధర్మజుడు అనెను. అన్నందులకు పాచికలతో ముఖముపై దెబ్బ తినెను. నిజమైన పద్దు చదివినవానికి జరిగిన సత్కారమది! ఈ ఉపమానము పూర్తిగా పొసగదని నాకు తెలియును. గోలు కొట్టువాడు ఉత్తరుని వంటి పిరికివాడు కాడు. గోలు కొట్టుట సులభమైన పనియును కాదు. చాటింపును గూర్చి మాత్రమే నేను చెప్పునది.

రహీమ్ పంతులుగారి శిష్యులలో మరియొకడు మొహమ్మద్ యూసుఫ్ ఖాన్. 1960 రోము ఒలింపిక్ క్రీడలలోను, 1962 జకార్తా ఆసియా క్రీడలలోను ఆడెను. ఏ స్థానమున నిలిపిన ఆ స్థానమున ఆడగలవాడు. అలయిక లేని పరుగునకును గడ్డమునకును కలిపి ఆయనను ‘గడ్డపు గుఱ్ఱము’ అని పిలిచిరట. 1966లో అర్జున పురస్కారము లభించెను, 2006లో మరణించెను. కాబట్టి గుర్తింపు అసలే లేదనుట సరి కాదు. సికిందరాబాదు ప్రక్కనున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 2023 ఫిబ్రవరిలో కన్ను మూసినప్పుడు కలకత్తా నగరము దుఃఖించినది. బలరామ్ ముందు వరుసవాడు, గోలులు కొట్టినవాడు. నడిమివానికి అంత పేరు రాలేదు.

జకార్తా పేరెత్తితిని కనుక జపాను సంగతి చెప్పవలెను. 1962లో ఆ క్రీడలలో మనవారు మొదటి ఆట దక్షిణ కొరియాకు 2–0తో ఓడి, తరువాత థాయిలాండును 4–1తోను, జపానును 2–0తోను, దక్షిణ వియత్నామును 3–2తోను గెలిచి, కడపటి ఆటలో అదే కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకము గైకొనిరి. మనచేత ఓడిన ఆ జపాను ఆరేండ్లకే, 1968 మెక్సికో ఒలింపిక్ క్రీడలలో, కంచు పతకము గెలిచినది! క్రామర్ అను జర్మను శిక్షకుని 1960లోనే పిలిపించుకొని వారు శ్రద్ధగా నేర్చిరి. మనకు 1963లో పంతులుగారు పోయిరి. ఆ పైని కథ మీకు చెప్పి పండుగనాడు మీ మనస్సు పాడుచేయను.

జపానువారి పతకపు గోలులు కమామోతో కొట్టెను. ఆ క్రీడలలో ఆయనవి మొత్తము 7. అక్కడను మొదట ముందువానికే పేరు. తరువాత ఒక విచిత్రము జరిగినది. గ్రంథాలయములో చెప్పుటకు దీనికంటె తగిన సంగతి నాకు దొరకలేదు. 1981లో తకహాషి యోయిచి అను యువచిత్రకారుడు పిల్లల వారపత్రికలో ఒక బొమ్మల కథ మొదలు పెట్టెను. పేరు ‘కెప్టెన్ త్సుబాసా’. కథానాయకుడు బంతిని విడిచి ఉండలేని బడిపిల్లవాడు. మొదట ముందు వరుసలో గోలులు కొట్టును. కథ నడిచినకొలది నడిమి వరుసకు వచ్చి తోడివారికి బంతులు అందించును. ఆ దేశపు పిల్లలు లక్షలాదిగా దానిని చదివిరి. చదివిన పిల్లలలో పలువురు మైదానమునకు పోయి, నేను నడుమ ఆడెదను, నేను నడుమ ఆడెదనని పోటీ పడిరట. 1993లో వారి వృత్తిజట్ల పోటీ ఆరంభమైనది. 1998లో మొదటిసారి ప్రపంచ కప్పు ఆడిరి. నకాతా, నకమురా అను వారిద్దరును లోకమంతట పేరు పొందిన జపాను ఆటగాండ్రు. ఇద్దరును నడిమి వరుసవారే. ఒక పుస్తకము ఒక జాతి పిల్లల చేత నడిమి స్థానమును కోరదగిన స్థానముగా చేయించినది. మన బీరువాలలోని పుస్తకములు ఊరక బూజు పట్టుచున్నవని విసుగుకొను సభ్యులు ఈ సంగతి చెవిని వేసికొందురు గాక.

ఆ దేశమునుండి వచ్చిన యొక సామాన్యుని కథ ఇంకను దగ్గరిది. యూసా కత్సుమి అను ఆయన నడిమి వరుసవాడు. జపాను జాతీయ జట్టులో ఎన్నడును ఆడలేదు. స్వదేశములో ఆయన పేరు చెప్పిన గుర్తుపట్టువారు మిక్కిలి కొలది. మన దేశమునకు వచ్చి 2013 నుండి నాలుగు సంవత్సరములు మోహన్ బగాన్‌కు ఆడెను. 2015 మే 31వ తేదీన, మనము పలమనేరులో బస్సెక్కిన ఒక పూటలో చేరు బెంగుళూరులో, కంఠీరవ మైదానమున జాతీయ పోటీ కడపటి ఆట జరిగినది. మోహన్ బగాన్‌కు సమానమైనను చాలును. ఒక గోలు వెనుకబడి, 87వ నిమిషమున బెల్లో రజాక్ తలతో కొట్టిన గోలుచే 1–1 చేసి, 13 ఏండ్ల తరువాత జాతీయ విజేతలైరి. బెల్లో పేరు మారుమ్రోగినది. కాని కలకత్తా జనులు కత్సుమిని మరువలేదు. అలయక పరుగెత్తువాడని, పోయిన బంతిని వెంటాడి తెచ్చువాడని అభిమానించిరి. తరువాత ఆయన ప్రత్యర్థి జట్టు ఈస్టు బెంగాలుకు పోయి అక్కడను ఆడెను.

స్వదేశమున ఎవరికిని తెలియనివాడు పరదేశమున ఎట్లు ప్రియుడయ్యెను? నేను దీనిని గూర్చి చాల ఆలోచించితిని. కలకత్తావారు నూరేండ్లకు పైగా ఆట చూచుచున్నవారు. చూచి చూచి వారి కన్ను గోలు దగ్గర ఆగక, గోలుకు వెనుకకు పోవ నేర్చినది. మంచి శ్రోత గాయకుని పాటతో బాటు మృదంగమును వినును, అట్టిదే ఇదియు. నూర్ మొహమ్మద్‌ను హైదరాబాదులో చూచినవారికిని ఆ కన్ను ఉండియుండును. కాని చూచినవారు పోయిరి, వ్రాసినవారు లేకపోయిరి. వ్రాయనిదానిని ముందు తరము ఎట్లు చూచును? పరదేశపు నడిమివానిని మన పిల్లలు సెల్‌ఫోనులో చూచి మెచ్చుకొనుచున్నారు, మెచ్చుకొననిండు. మూడు ఒలింపిక్ పందెములలో, అనగా 1952, 1956, 1960లలో, మన తెలుగు రాజధానినుండి పోయి ఆడినవారి పేర్లు ఈ ఊరి బడిపిల్లలలో ఒక్కనికిని తెలియకుండుట నాకు కష్టముగా నున్నది. పిల్లలను తప్పు పట్టుట లేదు. ఈ గ్రంథాలయములో వెదకితిని. వారిని గూర్చిన పుస్తకము ఒక్కటియు లేదు. పుస్తకముల ఎంపిక సంఘములో నేనును సభ్యుడను కనుక ఇందును నా పాలు కలదు.

ఇక నా తప్పు సంగతి. ఆ బాలుడు అడిగిన వారమునకు మన జట్టువారినందరిని పఠన మందిరమునకు పిలిచితిని. పుస్తకము తెఱచి, 7 గోలులలో ఒక్కొక్కదానికి ముందు బంతి ఎవడు ఇచ్చెను, వానికి ఎవడు ఇచ్చెనో చెప్పుడని అడిగితిని. ‘నిశ్శబ్దము’ అను పలక క్రిందనే రెండు గంటలు కేకలు వేసికొనిరి. గ్రంథపాలకులు ఓర్చుకొనినందులకు వారికి కృతజ్ఞుడను. రెండవ ఆటలోని మూడవ గోలును గూర్చి ఇద్దరు మిత్రులు ఇప్పటికిని మాట్లాడుకొనుట లేదని వింటిని. తుదకు లెక్క తేలినది. క్రొత్త గడి ఒకటి గీసి, ఎఱ్ఱ సిరాతో వ్రాసితిని. ఏడింటిలో అయిదింటికి ముందు బంతి ఆ బాలునిదియే.

వాడు మూలన నిలిచి ఒక మాటయు పలుకలేదు. అందరు పోయిన పిమ్మట బల్ల దగ్గరకు వచ్చి పుస్తకమును తన వైపు త్రిప్పుకొని, వ్రేలుతో ఒక్కొక్క పద్దు చూచుచు వచ్చెను. నాలుగవ దాని దగ్గర వ్రేలు ఆగినది. “ఇది నాది కాదు సార్. నేను ఇచ్చింది వానికి అందలేదు. లెఫ్టు బాక్‌వాడు తీసి ఇచ్చినాడు. వాడు ఈ పొద్దు రాలేదు, అందుకే ఎవరూ చెప్పలేదు” అనెను.

నేను ఆ పద్దు కొట్టివేసి, ప్రక్కన సంతకము చేసి, ఆ రెండవ పిల్లవాని పేరు వ్రాసితిని. పుస్తకము పత్రికల బల్ల మీద నున్నది. సభానంతరమున చూడగోరువారు చూడవచ్చును.